‘రిజిస్ట్రేషన్‌కి ఇబ్బంది లేదన్నారు, కొనేయొచ్చా?’

ఇల్లు కొనేవారి ఉత్తరాలకు ఒక రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో పై వాక్యమే ఉంది. కాస్త అటూ ఇటూగా అందరూ అదే అడిగారు. ఆ కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి కాబట్టి ముందే చెప్పేస్తాను. మీ దస్తావేజు మీద సబ్ రిజిస్ట్రార్ సంతకం పెట్టి ముద్ర కొట్టాడంటే, ఆ ఆస్తి అమ్మినవాడిదేనని పూచీ పడ్డాడని కాదు. స్టాంపు డ్యూటీ సరిగ్గా కట్టారా, ఎదురుగా నిలబడ్డ మనిషి ఆధార్‌లో ఉన్న మనిషేనా, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అని చూస్తాడు. అమ్మేవాడికి హక్కు ఉందో లేదో తేల్చే పని చట్టం అతనికి అప్పజెప్పలేదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట తేల్చి చెప్పింది. హక్కు రుజువు చూపలేదన్న కారణంతో రిజిస్ట్రేషన్ ఆపే వీలిచ్చిన అక్కడి నిబంధనను కొట్టేసింది.

అందుకే ‘రిజిస్ట్రేషన్ అవుతుందా’ అన్నది అసలు ప్రశ్నే కాదు. ఒకే ప్లాటు ఇద్దరి పేర్ల మీద రిజిస్టరవడం నా కళ్లారా చూశాను. ఒకదాంట్లో తూర్పు హద్దు రోడ్డు, రెండోదాంట్లో పక్క ప్లాటు. రెండూ చట్టప్రకారం రిజిస్టరైన కాగితాలే. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్ర: కొల్లూరు దగ్గర ఒక ప్రాజెక్టులో 1,800 ఎస్‌ఎఫ్‌టీ త్రీ బెడ్రూమ్ ఫ్లాటు ప్రీలాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే, ఇస్తున్నారు. అక్కడ ఎస్‌ఎఫ్‌టీ ఏడు వేలు నడుస్తుంటే వీళ్లు నాలుగు వేలకే ఇస్తామంటున్నారు. డబ్బంతా మూడు నెలల్లో కట్టేయాలట. రెరా నంబరు ‘ప్రాసెస్‌లో ఉంది’, ఈలోగా యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేసిస్తాం, మీకు పూర్తి భద్రత అంటున్నారు. మావారు చాలా ఉత్సాహంగా ఉన్నారు. నాకే భయంగా ఉంది. – ఒక పాఠకురాలు, ప్రగతి నగర్

జ: మీ భయానికే నా ఓటు అమ్మా. మీవారి లెక్క నాకు అర్థమైంది. 1.26 కోట్ల ఫ్లాటు 72 లక్షలకు వస్తుంటే 54 లక్షలు మిగిలినట్టే కదా అని. కానీ ఆ ధరకు ఎందుకు ఇస్తున్నాడో ఆలోచించండి. బ్యాంకు అతనికి అప్పు ఇవ్వదు. ఎందుకంటే అనుమతి లేదు, ఒక్కోసారి భూమి కూడా పూర్తిగా చేతిలోకి వచ్చి ఉండదు. మీ డబ్బుతో భూమి బయానా కడతాడు, ఇంకొకరి డబ్బుతో ప్లాన్ ఫీజు కడతాడు. నిజానికి మీరు ఫ్లాటు కొనడం లేదు. వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు, అదీ తాకట్టు లేకుండా.

రెరా, అంటే బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే చట్టం, 2016లో వచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ప్రాజెక్టును రెరాలో నమోదు చేయాల్సిందే. నమోదు కాకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం కూడా నేరమే. ప్రాజెక్టు విలువలో పదిశాతం దాకా జరిమానా వేయొచ్చు. నమోదైన ప్రాజెక్టులో అయినా సరే, అమ్మకపు అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పదిశాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో వేసి ఆ ప్రాజెక్టు భూమికి, కట్టడానికే వాడాలి. మూడు నెలల్లో నూటికి నూరు శాతం అడిగినవాడు ఈ మూడు గీతలూ ఒకేసారి దాటుతున్నాడు. ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటే తెలుగులో లేదు అని. నంబరు వచ్చాక రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. మంజూరైన ప్లాను, భూమి కాగితాలు, మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో అన్నీ అందులో పెట్టి తీరాలి.

ఇక యూడీఎస్ రిజిస్ట్రేషన్. జనం బోల్తా పడేది ఇక్కడే, ‘చేతికి కాగితం వచ్చింది కదా’ అని. యూడీఎస్ అంటే విడదీయని వాటా. రెండెకరాల్లో మీకు 40 గజాలు రాశారనుకోండి, ఆ 40 గజాలు ఎక్కడున్నాయంటే దేవుడికే తెలియాలి. అక్కడ ఎన్ని అంతస్తులకు అనుమతి వస్తుందో తెలియదు, మీ ఫ్లాటు నంబరు ఏదో తెలియదు. రేపు బిల్డరు చేతులెత్తేస్తే మీరూ, మీలాంటి రెండు మూడు వందల మందీ కలిసి ఆ ఖాళీ స్థలానికి ఉమ్మడి యజమానులు. అమ్మాలన్నా, ఇంకో బిల్డరుకి ఇవ్వాలన్నా అందరి సంతకాలూ కావాలి. ఒకరు అమెరికాలో ఉంటారు, ఒకరు కోర్టుకెళ్తారు, ఒకరు చనిపోతే వాళ్ల వారసులు ముగ్గురు. అపార్ట్‌మెంటు కమిటీలో పంపు మోటారు బాగు చేయించడానికే ఏకాభిప్రాయం కుదరదు, ఇక భూమి విషయంలో కుదురుతుందా?

హైదరాబాద్ చుట్టూ ప్రీలాంచ్ పేరుతో వసూలు చేసిన కేసులు పోలీసులను దాటి ఈడీ దాకా వెళ్లాయి. ఆ బాధితుల్లోనూ చాలామంది దగ్గర ఏదో ఒక కాగితం ఉంది.

ఇంకొక మాట. మీరు రాసిన 1,800 అన్నది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్ హౌస్‌లో మీ వంతు అన్నీ అందులోనే. రెరాలో లెక్క కార్పెట్ ఏరియాదే, అంటే గోడల లోపల మీరు చాప పరుచుకోగలిగినంత. అది ఎంతో రాతపూర్వకంగా అడగండి. 1,250 అనో 1,300 అనో వస్తే ఉలిక్కిపడకండి, పెద్ద కమ్యూనిటీల్లో అది మామూలే. కానీ ధరను కార్పెట్ ఏరియాతో భాగించి చూసుకుంటే చౌక అనుకున్నది ఎంత చౌకో తెలుస్తుంది.

మీవారు ఇంకా పట్టుబడితే ఒక దారి ఉంది. ఆ డబ్బుతో ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చిన ఫ్లాటు చూడండి, కాస్త చిన్నదైనా సరే. దానిమీద జీఎస్టీ కూడా ఉండదు. కడుతున్న ఫ్లాటయితే మామూలుగా ఐదు శాతం. 72 లక్షల మీద 3 లక్షల 60 వేలు. బేరమాడేటప్పుడు ఈ సొమ్మును ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ప్ర: పోరంకిలో పాత ఇల్లు బేరం కుదిరింది. 1978లో వాళ్ల నాన్నగారు కొన్నది. ఆయన వీలునామా రాయకుండా పోయారు. ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు. తల్లి ఉంది. ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లప్పుడే కట్నాలిచ్చేశాం, వాళ్లకేం సంబంధం లేదంటున్నారు. పెద్దకొడుకు తండ్రికంటే ముందే పోయాడు. అతని భార్య, పదకొండేళ్ల పిల్లాడు పుట్టింట్లో ఉన్నారట. ఇద్దరు కొడుకుల సంతకాలు చాలా? – విజయవాడ

జ: చాలవు. అసలు దరిదాపుల్లో కూడా లేవు.

లెక్క చూడండి. అది తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, ముందే పోయిన కొడుకు కుటుంబం, అందరూ మొదటి తరగతి వారసులే. తల్లికి ఒకటి, ఉన్న కొడుకులకు రెండు, కూతుళ్లకు రెండు, పోయిన కొడుకు భార్యాబిడ్డలకు కలిపి ఒకటి. మొత్తం ఆరు వాటాలు. మీకు అమ్ముతున్న ఇద్దరి చేతిలో ఉన్నవి రెండు. అంటే మీరు పూర్తి ధర ఇచ్చి మూడోవంతు ఇల్లు కొంటున్నారన్నమాట.

‘కట్నం ఇచ్చేశాం’ అనే మాట మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్ని వందలసార్లు విన్నానో! కట్నం ఇవ్వడం తీసుకోవడం 1961 నుంచే నేరం. వాటా కింద కట్నం ఇచ్చామని మీ ముందు చెబితే, చేసిన నేరాన్ని వాళ్లంతట వాళ్లే ఒప్పుకుంటున్నట్టు. ఆడపిల్లలు హక్కు వదులుకున్నారంటే వాళ్లు స్వయంగా రాసిచ్చి రిజిస్టర్ చేసిన విడుదల దస్తావేజు ఉండాలి. అది లేకపోతే మీ అమ్మకపు దస్తావేజులో వాళ్లు కూడా అమ్మకందార్లుగా ఉండాలి. సాక్షి సంతకంతో సరిపెట్టుకోకండి. ‘వాళ్ల చెల్లెలు సాక్షి సంతకం చేసిందండీ’ అని కోర్టులో వాదించిన కొనుగోలుదార్లున్నారు. సాక్షి అంటే సంతకం చేయడాన్ని చూశానని మాత్రమే, తన హక్కు ఇచ్చేశానని కాదు.

ఇది పిత్రార్జితమై ఉంటే లెక్క ఇంకోలా ఉండేది. మన రాష్ట్రంలో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు దేశం కంటే ముందే వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు, కానీ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే. కేంద్ర చట్టం 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అని ఏళ్లపాటు వాదించుకున్నారు. అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడకూడదు. కాబట్టి పిత్రార్జితం కొనేవాళ్లు ‘పంపకం ఎప్పుడు జరిగింది, కాగితమేది’ అని అడగాలి. ‘నోటిమాట పంపకం’ అంటే జాగ్రత్త పడాలి.

మీ కేసులో అన్నింటికంటే పెద్ద ముడి ఆ పదకొండేళ్ల పిల్లాడు. మైనరు వాటాను తల్లి కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అమ్మితే, వాడికి పద్ధెనిమిది నిండాక మూడేళ్లలోపు కోర్టుకెళ్లి ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. అంటే ఇంకో పదేళ్లపాటు మీ నెత్తిన వేలాడే కత్తి. అప్పటికి మీరు పాతది పడగొట్టి రెండంతస్తులు వేసుకుని ఉంటారు. జిల్లా కోర్టులో గార్డియన్ పిటిషన్ వేయించి, వాడి వాటా డబ్బు వాడి పేరున డిపాజిట్ చేసే షరతుతో అనుమతి తెప్పించుకోండి. నెలలు పడుతుంది. వాళ్లు ఆగలేమంటే బేరం వదులుకోండి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, అందులో ఉన్న ప్రతి పేరుకూ ఒక సంతకం ఉందో లేదో టిక్కు పెట్టుకోండి. పేరు ఎగ్గొట్టి సర్టిఫికెట్లు తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ వీధిలో ఉండే పెద్దావిడతో పది నిమిషాలు మాట్లాడితే ఆ ఇంట్లో ఎంతమంది పిల్లలో సర్టిఫికెట్ కంటే బాగా చెబుతుంది.

ప్ర: ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్, తీశాను. నిల్ వచ్చింది. ఇక ధైర్యంగా కొనొచ్చా సార్? – హన్మకొండ

జ: ఏ వివరాలతో తీశారు నాయనా? ప్లాటు నంబరుతో వెతికితే ప్లాటు నంబరు రాసిన దస్తావేజులే వస్తాయి. ఇరవై ఏళ్ల కిందట అదే భూమిని సర్వే నంబరు, ఎకరాల లెక్కన అమ్మి ఉంటే ఆ ఈసీలో కనబడదు. సర్వే నంబరుతో, దాని సబ్ డివిజన్లతో, ఇంటి నంబరుతో, పాత ఊరి పేరుతో, అన్ని రకాలుగానూ తీయాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే ఉంటుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకెళ్లి పుస్తకాలు వెతికించాలి. బద్ధకించకండి.

ఇక ఈసీలో ఎప్పటికీ కనబడనివి కొన్ని. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు. వీలునామాలు. కోర్టులో నడుస్తున్న దావాలు చాలా వరకు. ఒరిజినల్ దస్తావేజు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు, దాన్ని రిజిస్టర్ చేయకపోతే. అప్పు సంగతికి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, చిన్న ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. దావాల కోసం ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో అమ్మేవాడి పేరు, అతని తండ్రి పేరు, అంతకు ముందు యజమాని పేరు కొట్టి చూడండి. స్పెల్లింగులు నాలుగు రకాలుగా మార్చి మరీ.

ఆఫీసులో ఉన్నవాణ్ణి కాబట్టి ఒక రహస్యం చెబుతాను, నిజానికి రహస్యమేమీ కాదు. ఆస్తి దస్తావేజుల సర్టిఫైడ్ కాపీ ఫీజు కట్టిన ఎవరికైనా ఇస్తారు, సంబంధం ఉన్నా లేకపోయినా. అందుకని ఎవరైనా ‘సీసీ ఉంది కదా’ అని చూపిస్తే అతని దగ్గర ఒరిజినల్ ఉన్నట్టు కాదు. ఒరిజినల్ అడగండి. పోయిందంటే పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన చూపమనండి. ఎక్కువసార్లు అది పోయి ఉండదు, ఎవరి బీరువాలోనో తాకట్టులో ఉంటుంది. ఒరిజినల్ చూపించాక మీరూ ఒక సీసీ తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. విస్తీర్ణం, హద్దులు, వేలిముద్రలు, ఫొటోలు. దొంగ దస్తావేజులు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి.

మీ వైపైతే ఇంకొకటి. భూమి మూలం చూడండి. పాత పహాణీలు (రెవెన్యూ శాఖ భూమి రికార్డులు), 1954–55 ఖాస్రా పహాణీ తీయించి ఆ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసుందో చదవండి. సర్కారీ, ఇనాం, వక్ఫ్, భూదాన్ అన్న మాటలుంటే అక్కడే ఆగిపోండి. అసైన్డ్ భూమయితే, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినదయితే, 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు, మీ తర్వాత ఎన్ని చేతులు మారినా అంతే. కోస్తా వైపు వాళ్లు అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) అనే భూమి రికార్డులు చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు బదులు చుక్కలుంటే, చుక్కల భూమి. దాని కథ వేరే ఉత్తరానికి సరిపడా ఉంది.

ప్ర: నిజాంపేటలో ఐదంతస్తుల పైన పెంట్‌హౌస్. కింద ఫ్లాట్ల ధరలో సగానికే ఇస్తున్నాడు. పదేళ్లుగా ఇంటి పన్ను కడుతున్నారు, కరెంటు మీటరు ఉంది. – కె., కూకట్‌పల్లి

జ: పన్ను రసీదు అనుమతి కాదు. అనుమతి లేని కట్టడానికి అదనంగా వడ్డించి మరీ వసూలు చేస్తారు. ఆ రసీదు చూపించి సక్రమం అనడానికి లేదు.

మంజూరైన ప్లాను తెప్పించి అంతస్తులు లెక్కపెట్టండి. స్థలం 300 గజాలు, ప్లానులో పది ఫ్లాట్లు అనుకోండి. మనిషికి 30 గజాలు చొప్పున ఎప్పుడో రాసేసి ఉంటాడు. ఇప్పుడు మీకు రాయడానికి గజం కూడా మిగల్లేదు. రాశాడంటే కింద వాళ్లది తీసి రాశాడు, అది వాళ్లకు తెలియదు. భవనం పాతబడి రేపు పడగొట్టి కట్టుకుందామంటే విలువంతా భూమిదే, అందులో మీ వాటా సున్నా. బ్యాంకు అప్పు ఇవ్వనిది అందుకే. 2015లో క్రమబద్ధీకరణ పథకం పెట్టారు కదా అంటారు. ఆ దరఖాస్తులు కోర్టు వివాదంలో పడి ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. రాబోయే పథకం మీద ఆశతో డబ్బు పెట్టకండి.

ఇది చదివే మిగతావాళ్లు కూడా ఒకటి గమనించాలి. బిల్డర్లు కట్టే భవనంలో పదిశాతం నిర్మాణాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతారు, ప్లాను ప్రకారం కడతామన్న హామీకి. ఎక్కువగా కింది అంతస్తుల ఫ్లాట్లే. ఓసీ వచ్చాకే అవి విడుదలవుతాయి. మీకు చూపిస్తున్న ఫ్లాటు ఆ తనఖా ఫ్లాటేనేమో అనుమతి పత్రంలో నంబరు చూసుకోండి. భూమి యజమానితో డెవలప్‌మెంటు ఒప్పందం ఉంటే ఆ ఫ్లాటు బిల్డరు వాటాలోదా, యజమాని వాటాలోదా అన్నది కూడా. వాటాలు విడగొట్టిన సప్లిమెంటరీ అగ్రిమెంటు ఉంటుంది, అడిగితే ఇవ్వాలి.

ప్ర: అమీన్‌పూర్ వైపు ప్లాటు చూశాం. వంద మీటర్లలో చెరువుంది, గాలి బాగుంటుందని మా అమ్మాయికి నచ్చింది. చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా భయం ఉందా?

జ: వంద మీటర్లు ఎక్కడి నుంచి కొలిచారు? ఇప్పుడున్న నీళ్ల అంచు నుంచా? లెక్కలోకి వచ్చేది ఎఫ్‌టీఎల్, చెరువు నిండుకుండలా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే గీత. వేసవిలో ఆ గీత ఎండిన మైదానంలో ఉంటుంది, అక్కడే ప్లాట్లు గీస్తారు. ఆ గీత నుంచి పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్. అందులో కట్టకూడదు. ఇది 2012 బిల్డింగ్ రూల్స్ నుంచీ ఉన్నదే. 2024 జులైలో హైడ్రా వచ్చాక జనానికి తెలిసింది, అంతే తేడా. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఊరి నక్షాలో సర్వే నంబరు ఎక్కడుందో సర్వేయరుతో గుర్తింపజేయండి. అసలు భాద్రపదంలో ముసురు పట్టినప్పుడు వెళ్లి చూడండి, బ్రోచర్లో లేనివి చాలా కనబడతాయి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వైపు కొనేవాళ్లు మాత్రం ఆ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో సంగతి ముందు వాకబు చేయాలి.

ప్ర: డాలస్‌లో ఉంటాం. షాద్‌నగర్ దాటాక మామిడి మొక్కలు వేసిన ఐదు గుంటల ఫామ్ ప్లాటు కొనాలని ఉంది. నాన్నగారికి జీపీఏ (మా తరఫున సంతకం చేసే అధికార పత్రం) పంపితే సరిపోతుందా?

జ: జీపీఏ తర్వాత సంగతి బాబూ, అసలు మీరు అది కొనకూడదు. విదేశాల్లో స్థిరపడినవాళ్లు ఇక్కడ ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం కుదరదు. వారసత్వంగా వస్తే వేరు. గుంటల్లో అమ్ముతున్నారంటేనే అది లేఅవుట్ కాదని అర్థం, కాగితాల్లో పొలమే. ఐదు గుంటలంటే 605 గజాలు. ఆ మాట చెప్పి ఇంటి స్థలంలా అమ్ముతారు, పన్ను దగ్గర పొలం అంటారు. ‘అయితే నాన్న పేరున కొంటాను, డబ్బు నాది’ అంటారేమో. భార్యాపిల్లల పేరున కొంటే బినామీ చట్టంలో మినహాయింపు ఉంది. తండ్రి ఒక్కరి పేరునే కొంటే అది వర్తించదు, మీ పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. అది ఇక్కడ ఎలాగూ కుదరదు. ముందు ఆడిటర్‌తో మాట్లాడండి.

ఫ్లాటుకో అనుమతి ఉన్న లేఅవుట్ ప్లాటుకో జీపీఏ పంపితే మాత్రం, అక్కడి మన కాన్సులేట్‌లోనో నోటరీ ముందో సంతకం చేసి పంపండి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. ఏ ఆస్తికి, ఏ పనికి అధికారం ఇస్తున్నారో విడమర్చి రాయండి. ‘నా ఆస్తులన్నీ అమ్మే అధికారం’ అని ఎవరికీ, సొంత బామ్మర్దికి కూడా రాయకండి.

జీపీఏ ఉన్నవాడి దగ్గర కొనేవాళ్లకు: ఇచ్చినవాడు చనిపోతే మామూలు జీపీఏ కూడా పోతుంది. రిజిస్ట్రేషన్‌కి ముందు ఆ మనిషితో వీడియో కాల్‌లోనైనా మాట్లాడండి. ‘జీపీఏ మీదే మీకు అమ్మేశాను, రిజిస్ట్రేషన్ ఎందుకు’ అనేవాడికి 2011లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది, జీపీఏతో యాజమాన్యం మారదని.

ప్ర: విశాఖలో 90 లక్షల ఫ్లాటు. ఓనరు కెనడాలో ఉంటారు. ధరలో ఒక శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను) కోస్తే చాలని, 30 లక్షలు మాత్రం క్యాష్‌గా ఇమ్మని మధ్యవర్తి అంటున్నాడు.

జ: రెండూ తప్పే. 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం అన్నది ఇక్కడ ఉండే అమ్మకందారుకి. ఓనరు ఎన్ఆర్ఐ అయితే కోత చాలా ఎక్కువ. దీర్ఘకాల లాభమైతే పన్ను 12.5 శాతం, పైన సెస్సు, సర్‌చార్జి. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ సర్టిఫికెట్ ఆయన తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద కోయమనే ఆడిటర్లు చెబుతారు. మీరు కోయకపోతే ఆయన కెనడాలో ఉంటారు, నోటీసు మీ ఇంటికొస్తుంది.

క్యాష్ సంగతి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడమే నిషేధం. రేపు హక్కులో లోపం బయటపడి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే దస్తావేజులో ఉన్న 60 లక్షలే అడగగలరు. ఆ 30 ఎక్కడిచ్చారో మీరూ మధ్యవర్తే సాక్షులు, అతను కనబడడు. మీరు అమ్మేరోజున కూడా కొన్న ధర 60 అనే లెక్క, మిగిలిన 30 మీద మీరే పన్ను కడతారు. స్టాంపు, ట్రాన్స్‌ఫర్, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం దాకా పడుతుంది. ఆ 30 లక్షల మీద మీరు మిగుల్చుకునేది రెండు లక్షల పాతికవేలు. దానికోసం ఇంత చేయాలా?

ప్ర: వంద రూపాయల బాండు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుని పది లక్షలు బయానా ఇవ్వమంటున్నారు. – ఒంగోలు

జ: రిజిస్టర్ చేయించండి. ఖర్చు అమ్మకపు దస్తావేజుతో పోలిస్తే చాలా తక్కువ, ఈసీలో మీ పేరు పడుతుంది. ఆ తర్వాత ఇంకొకరికి అమ్మబోతే ఆ ఇంకొకరికి తెలుస్తుంది. పది లక్షలు ఎందుకు, రెండివ్వండి. లింకు డాక్యుమెంట్లన్నీ (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) పదిహేను రోజుల్లో చూపాలి, లీగల్‌లో లోపం వస్తే బయానా పూర్తిగా తిరిగివ్వాలి అని రాయించండి. ‘గడువు దాటితే బయానా పోతుంది’ అని మీకు మాత్రమే వర్తించేలా రాసే డాక్యుమెంట్ రైటర్లు కోకొల్లలు. గడువు అమ్మేవాడికీ వర్తించేలా మార్పించండి. అతను మాట తప్పితే దావాకు మూడేళ్లే సమయం.

ప్ర: వచ్చే వారం మా ఫ్లాటు రిజిస్ట్రేషన్. ఆ రోజు ఏం చూసుకోవాలి? – తిరుపతి

జ: ముందురోజే డ్రాఫ్టు ఇంటికి తెప్పించుకుని షెడ్యూలు చదవండి. దస్తావేజులో మొదటి పేజీలన్నీ అలంకారం, అసలు ప్రాణం చివర్లో ఉండే షెడ్యూలు. ఫ్లాటు నంబరు, అంతస్తు, యూడీఎస్ గజాలు, కారు పార్కింగు నంబరు, నాలుగు హద్దులు. హద్దుల్లో తూర్పు పడమరలు తారుమారైన దస్తావేజులకు సవరణ కోసం తిరిగే జనంతో మా ఆఫీసులు ఎప్పుడూ నిండుగా ఉండేవి. సవరణకు మళ్లీ అమ్మినవాడే రావాలి, అప్పటికి వాడి ఫోను స్విచాఫ్.

బ్యాంకు చెక్కు నంబర్లు, టీడీఎస్ చలానా వివరాలు దస్తావేజులో రాయించండి. సొసైటీ నుంచి మెయింటెనెన్సు బాకీ లేదన్న కాగితం, కరెంటు బిల్లు, నీటి బిల్లు అదే రోజు తీసుకోండి. ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు మీ చేతికి వచ్చాకే చివరి డీడీ ఇవ్వండి. మీరు బ్యాంకు అప్పు తీసుకుంటుంటే అవి బ్యాంకువాళ్లు పట్టుకెళ్తారు. ఏవేవి తీసుకెళ్లారో జాబితా రాయించి, దాని మీద వాళ్ల సంతకం, ముద్ర తీసుకోండి. అప్పు తీరేసరికి ఆ మేనేజరు అక్కడ ఉండడు. తాళాలు తీసుకున్నాక నెలలోపే మున్సిపాలిటీలో ఇంటి పన్ను, ఆ తర్వాత కరెంటు మీటరు మీ పేరు మీదకు మార్పించుకోండి.